బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం చెరగదెందుకు?
పాత టెర్మినళ్లు, కీబోర్డుల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాని. మా ఆఫీసులో పాత యునిక్స్ సర్వర్ ఉంది. దానికి మొదట్నుంచీ నాలుగు డంబ్ టెర్మినళ్లు, అంటే తీగతో కలిపిన తెర, కీబోర్డు జతలు, ఉండేవి. రైతు పేరు, లారీ నంబరు, టిక్కీల లెక్క, లాటు నంబరు అన్నీ వాటిలోనే ఎక్కిస్తాం. రెండు టెర్మినళ్లు కాలిపోతే వాటి చోట మామూలు కంప్యూటర్లు పెట్టి, పుట్టీ అనే ప్రోగ్రాంతో సర్వర్‌కి కలిపారు. వాటిలో బ్యాక్‌స్పేస్ నొక్కితే చాలు, ఎంట్రీ మధ్యలోనే ప్రోగ్రాం బయటికి వచ్చేసేది. ఒకతన్ని పిలిస్తే సర్వర్‌లో ఏదో మార్చి వెళ్లాడు. కంప్యూటర్లు బాగుపడ్డాయి గానీ, ఆ రోజు నుంచి పాత టెర్మినళ్లలో బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం చెరక్కుండా టోపీ గుర్తూ, పక్కన ఇంగ్లీషు హెచ్చూ పడుతున్నాయి. కీబోర్డులు మార్చి చూశాం, అదే వరస. పైగా కంప్యూటర్లలో పాస్‌వర్డు కొట్టేటప్పుడు తప్పు పోయి దిద్దుకుంటే లాగిన్ కావట్లేదు. సీజన్‌లో లారీలు గేటు బయట బారులు తీరి ఉంటాయి, చాలా టెన్షన్‌గా ఉంది. కీబోర్డుల్లో లోపమా, సర్వరే పాడవుతోందా?
- ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: రెండూ కాదండీ. మీ కీబోర్డులు బాగున్నాయి, సర్వర్ బాగుంది. దయచేసి ఇంకో కీబోర్డు కొనకండి. ఈ ఒక్క ఇబ్బందికి మంచి కీబోర్డులు పాత ఇనుము కొట్టుకి వెళ్లిపోవడం నేను ఉద్యోగంలో ఉండగా చాలా చూశాను. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

బ్యాక్‌స్పేస్ నొక్కినప్పుడు అక్షరాన్ని చెరిపేది కీబోర్డు కాదు. కీ నొక్కగానే ఒక అంకె తీగ మీద సర్వర్‌కి వెళ్తుంది, కీబోర్డు పని అక్కడితో సరి. ఆ అంకెను చెరపమనే గుర్తుగా సర్వర్ ఒప్పుకుంటే టెర్మినల్‌కి మూడు కోడ్‌లు తిరిగి పంపుతుంది: ఒక అడుగు వెనక్కి, ఒక ఖాళీ, మళ్లీ ఒక అడుగు వెనక్కి. దాంతో తెర మీద అక్షరం మాయమవుతుంది. ఒప్పుకోకపోతే ఆ అంకెను కూడా మీరు కొట్టిన ఇంకో అక్షరం కిందే జమ కట్టి, మీకు కనపడేలా రాసి చూపిస్తుంది. మీ తెర మీద పడుతున్నది అదే. టోపీ అంటే కంట్రోల్. హెచ్ ఇంగ్లీషులో ఎనిమిదో అక్షరం. కాబట్టి ^హెచ్ అంటే 8వ కోడు వచ్చిందని అర్థం. ఏమొచ్చిందో సర్వర్ మీకు చెప్తోంది, దాంతో ఏం చేయాలో దానికి ఎవరూ చెప్పలేదు.

చిక్కేమిటంటే, చెరపడానికి లోకంలో రెండు అంకెలు చలామణీలో ఉన్నాయి: 8, 127. ఇది టెలిటైపుల (తీగ మీద అక్షరాలు పంపి, కాగితం మీద అచ్చేసే యంత్రాల) నాటి సంగతి. 1963లో వచ్చిన మోడల్ 33 టెలిటైపులో మనం కొట్టినది కాగితపు టేపు మీద చిల్లులుగా కూడా పడేది. టేపు మీద పడిన చిల్లును పూడ్చలేం కదా. అందుకని టేపును ఒక గడి వెనక్కి జరిపి, ‘రబ్ అవుట్’ కీతో ఆ గడిలో కోడుకున్న ఏడు బిట్ల (ఒక్కోటి ఒకటి లేదా సున్నా) చోటా చిల్లులు కొట్టేసేవారు. ఏడూ పడితే 127. టేపు చదివేటప్పుడు 127 తగిలిందంటే అది కొట్టివేత, వదిలేసి ముందుకు పోవడమే. 8 అసలు పని వేరు, అచ్చు పడే చోటును ఒక అడుగు వెనక్కి జరపడం. చెరపడానికి టెర్మినళ్లు చేసే డెక్ కంపెనీ 127ను ఎంచుకుంది. 1978లో వచ్చిన దాని టెర్మినల్ వీటీ100లో బ్యాక్‌స్పేస్, డిలీట్ రెండు వేర్వేరు కీలు. 1983 నాటి వీటీ220లో పెద్ద చెరిపే కీ 127నే పంపుతుంది. ఐబీఎం పీసీలో బ్యాక్‌స్పేస్ 8 ఇచ్చింది. ఇంకా చాలా డంబ్ టెర్మినళ్లు 8 దారే పట్టాయి. యునిక్స్ లాంటిదే అయిన లైనక్స్ వాళ్లు 127 వైపు వెళ్లారు. లైనక్స్‌లో ఒక రకాన్ని తయారుచేసే డెబియన్ వాళ్లయితే ఏ కీ ఏ అంకె పంపాలో తమ పాలసీలోనే రాసి పెట్టుకున్నారు.

ఇప్పుడు మీ ఆఫీసుకి వద్దాం. మీ పాత టెర్మినళ్లు 8 పంపుతాయి. పుట్టీని ఏమీ మార్చకుండా వాడితే బ్యాక్‌స్పేస్‌కి 127 పంపుతుంది. మీ సర్వర్ సిస్టమ్ ఫైవ్ జాతి యునిక్స్ అని మీరు రాసిన లక్షణాలను బట్టే తెలుస్తోంది. ఆ జాతిలో 127కి మొదట్నుంచీ ఉన్న అర్థం చెరపడం కాదు, ‘నడుస్తున్న పనిని ఆపెయ్’ అని. ఈనాడు మనం కంట్రోల్-సి తో చేసే పనిని అక్కడ డెల్ (127 పంపే డిలీట్ కీ) చేసేది. మీ కొత్త కంప్యూటర్లలో బ్యాక్‌స్పేస్ నొక్కగానే ప్రోగ్రాం బయట పడింది అందుకే. అక్షరం చెరపమని మీరు అడిగారు, పని ఆపమన్నట్టు సర్వర్‌కి వినపడింది.

వచ్చినతను ఏం చేసి ఉంటాడంటే, ఎట్సీ డైరెక్టరీలో అందరికీ ఉమ్మడిగా ఉండే ‘ప్రొఫైల్’ ఫైలులో ఒక లైను పెట్టి ఉంటాడు: ఇకమీద 127 అంటే చెరపడం, ఆపడానికి కంట్రోల్-సి అని. కంప్యూటర్ల వరకూ అది సరే. కానీ ఆ ఫైలు నలుగురికీ ఉమ్మడి. 8 పంపే పాత టెర్మినళ్ల మాట ఆ రోజు నుంచి చెల్లకుండా పోయింది. ఈ గొడవ ఎన్నాళ్లైనా తెగకపోవడానికి కారణం ఇదే. ఒక పక్క సరిచేస్తే రెండో పక్క చెడుతుంది, మళ్లీ ఇంకొకరు వచ్చి అటు సరిచేస్తే ఇటు చెడుతుంది.

పాస్‌వర్డు సంగతీ దీంట్లోనే ఉంది. ప్రొఫైల్ ఫైలును సర్వర్ చదివేది మీరు లాగిన్ అయ్యాక. పేరు, పాస్‌వర్డు అడిగే సమయానికి ఇంకా పాత నియమాలే నడుస్తుంటాయి, 127కి పాత అర్థమే ఉంటుంది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనపడదు గనక ఏం జరిగిందో మీకు తెలిసే దారి లేదు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. ఆ కాలపు యునిక్స్‌లలో లాగిన్ దగ్గర # గుర్తు ఒక అక్షరాన్నీ, @ గుర్తు లైను మొత్తాన్నీ కొట్టేసేవి. కాగితం మీద అచ్చయ్యే టెర్మినళ్ల రోజుల్లో పెట్టుకున్న ఏర్పాటు అది. పాస్‌వర్డు గట్టిగా ఉండాలని ఎవరైనా @ పెట్టుకుని ఉంటే, పాత సర్వర్ మీద అదీ తిప్పలు పెట్టవచ్చు.

ఇక చేయాల్సింది. సర్వర్‌ని ఒక్కొక్కరికి తగ్గట్టు మార్చుకుంటూ పోకుండా, అందరూ ఒకే అంకె పంపేలా చేయండి. మీ దగ్గర ఆ అంకె 8. కంప్యూటర్‌లో పుట్టీ తెరవగానే ఎడమ పక్క వరసలో ‘టెర్మినల్’ కింద ‘కీబోర్డ్’ అని ఉంటుంది. అది నొక్కితే అన్నిటికంటే పైన బ్యాక్‌స్పేస్ కీ ఏం పంపాలో రెండు ఎంపికలు కనిపిస్తాయి: కంట్రోల్-హెచ్ ఒకటి, 127 ఒకటి. మొదటిది పెట్టండి. తర్వాత తప్పకుండా పైన ‘సెషన్’ పేజీకి తిరిగి వచ్చి, మీ సర్వర్ పేరు ఎంచుకుని సేవ్ చేయండి. ఇది మర్చిపోతే రేపు పొద్దున మళ్లీ మొదటికే వస్తుంది. రెండు కంప్యూటర్లలోనూ విడివిడిగా చేయాలి.

సర్వర్‌లో ఆ ప్రొఫైల్ ఫైలు తెరిచి ఎస్‌టీటీవై అనే ఆదేశం ఉన్న లైను చూడమనండి. అందులో ఎరేజ్ అనే మాట తర్వాత 127కి గుర్తుగా టోపీ, ప్రశ్నార్థకం ఉంటాయి. వాటి బదులు టోపీ, హెచ్ రాయించండి. ఆ రెంటినీ సింగిల్ కోట్స్ మధ్యలోనే రాయాలి. ఈ మాట మీ దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు గట్టిగా చెప్పండి. మనం కొట్టే ఆదేశాలు చదివే పాత బోర్న్ షెల్‌లో టోపీ గుర్తుకు నిలువు గీతతో సమానమైన అర్థం ఉంది, ఒక ఆదేశం నుంచి వచ్చేదాన్ని ఇంకో ఆదేశానికి మళ్లించే గుర్తు అది. కోట్స్ లేకపోతే హెచ్ అనే ప్రోగ్రాం కోసం వెతికి, లేదని చెప్పి ఊరుకుంటుంది. లైనక్స్ మీదే చేయి తిరిగినవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ. ఆపడానికి కంట్రోల్-సి అని అతను పెట్టిన భాగం మాత్రం అలాగే ఉంచుకోవచ్చు, అది మంచి మార్పే. రిపోర్టు మధ్యలో ఆపాలంటే డెల్ కొట్టే అలవాటున్న పాతవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు ఒక మాట చెబితే సరిపోతుంది.

ఇదంతా చేయించేలోపు పని ఆగకూడదు కదా. ఇప్పుడున్న స్థితిలో పాత టెర్మినళ్లలో డెల్ కీ నొక్కి చూడండి. చాలా టెర్మినళ్లలో అది 127 పంపుతుంది, అక్షరం చెరుగుతుంది. పుట్టీలో షిఫ్ట్ పట్టుకుని బ్యాక్‌స్పేస్ నొక్కితే రెండు అంకెల్లో సెట్ చేయనిది వెళ్తుంది. లాగిన్ దగ్గర అది ప్రయత్నించండి.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. ఈ మధ్య కాలంలో పాత టెర్మినళ్లలో ఎక్కించిన ఎంట్రీల్లో ఆ 8వ కోడు పేర్లలో, లారీ నంబర్లలో కలిసిపోయి ఉండొచ్చు. ప్రింటు తీసిన చీటీలు దగ్గర పెట్టుకుని చూడండి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి 8 అంటే నిజంగానే ఒక అడుగు వెనక్కి. హెడ్ వెనక్కి జరిగి, ముందు పడిన అంకె మీదే తర్వాతది కొడుతుంది. లారీ నంబరులో 1 మీద 7 ఎక్కి నల్లగా ముద్దలా కనిపిస్తే అక్కడ ఆ కోడు దాగి ఉందన్నమాట. అలాంటి లారీని నంబరుతో వెతికితే కంప్యూటర్ లేదంటుంది. సరుకు లోపల ఉంటుంది, రైతు గేటు దగ్గర చీటీ పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ పరిస్థితి రాకముందే మీ ప్రోగ్రామర్‌తో డేటా మొత్తం బ్యాకప్ తీయించి, పేరు, లారీ నంబరు గడుల్లో 8వ కోడు ఎక్కడెక్కడ ఉందో జాబితా తీయించండి. దాన్నీ, దాని ముందున్న అక్షరాన్నీ కలిపి తీసేసే ప్రోగ్రాం రాయడం తేలికే. అయినా రైతు సరుకు లెక్క కాబట్టి ఒక్కో ఎంట్రీని గేటు రిజిస్టరుతో సరిచూసి చేత్తో దిద్దితేనే మంచిదని నా సలహా.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ విద్యార్థిని. మా ల్యాబ్‌లో లైనక్స్ సర్వర్‌కి కలిపిన కంప్యూటర్లు ఉన్నాయి. ప్రోగ్రాం రాస్తుండగా ఉన్నట్టుండి తెర బిగుసుకుపోతుంది. ఏ కీ నొక్కినా చలనం ఉండదు. విండో మూసేసి మళ్లీ మొదలెడితే రాసినదంతా పోతుంది. నాకొక్కదానికే ఎక్కువసార్లు జరుగుతోంది.
- ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఈసారి అలా జరిగినప్పుడు విండో మూయకుండా కంట్రోల్ పట్టుకుని క్యూ నొక్కమ్మా. నువ్వు రాసినది అక్కడే ఉంటుంది.

విండోస్‌లో ఫైలు సేవ్ చేయడానికి కంట్రోల్-ఎస్ నొక్కే అలవాటు నీకు బాగా ఉండి ఉంటుంది. టెర్మినల్‌లో కంట్రోల్-ఎస్ అంటే 19వ కోడు. దాని అర్థం ‘పంపడం ఆపు’. కంట్రోల్-క్యూ 17వ కోడు, ‘మళ్లీ పంపు’. తెర మీద వేగంగా దొర్లిపోయే వరసల్ని ఆపి చదువుకోవడానికి మనుషులూ, తన లోపల జాగా నిండిపోతున్నప్పుడు టెర్మినలూ ఇవే వాడేవి. సెకనుకు 9600 బిట్ల లైను మీద 24 వరసల తెర పూర్తిగా నిండటానికి రెండు సెకన్లు పట్టేది. ఆ వేగాన్ని కూడా అందుకోలేక నడుమనడుమ ఆగమని అడిగే టెర్మినళ్లు, ప్రింటర్లు ఉండేవి. వీటీ100లో దీనికోసం ‘నో స్క్రోల్’ అని విడిగా కీ ఉండేది. వీటీ220లో ఎఫ్1 స్థానంలో ‘హోల్డ్ స్క్రీన్’. లైనక్స్ అసలు కన్సోల్ మీద స్క్రోల్ లాక్ కూడా ఇదే పని చేస్తుంది.

జాగ్రత్తగా ఉండాల్సిన సంగతి ఒకటుంది. ఆగేది తెర మాత్రమే. బిగుసుకుందని కంగారుపడి కొట్టే ప్రతి అక్షరం, ప్రతి ఎంటర్ అవతలికి వెళ్తూనే ఉంటాయి. కంట్రోల్-క్యూ నొక్కగానే అవన్నీ వరసగా బయటపడతాయి. ఆ కంగారులో ఫైలు తీసేసే ఆదేశం కొట్టి ఉంటే అదీ జరిగిపోతుంది. అందుకని తెర ఆగితే ముందు చేతులు కీబోర్డు మీంచి తియ్యి, తర్వాత కంట్రోల్-క్యూ.

నీ వరకు ఈ ఏర్పాటు అక్కర్లేదనుకుంటే, ఎస్‌టీటీవై పక్కన మైనస్, ఐఎక్స్ఆన్ అని కలిపి నీ లాగిన్ ఫైలులో రాసుకో. నిజమైన సీరియల్ టెర్మినళ్లు ఉన్నచోట మాత్రం దీన్ని తీయకూడదు. తీస్తే టెర్మినల్ ఆగమన్నా సర్వర్ ఆగదు, మధ్యలో అక్షరాలు రాలిపోతాయి.

ప్రశ్న: పాత టెర్మినల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఒక అక్షరం కొడితే రెండు పడుతున్నాయి. కీబోర్డు లోపల శుభ్రం చేయిస్తే పోతుందా అండీ?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మూత విప్పే ముందు ఒక పరీక్ష చేయండి. అక్షరాలు, అంకెలు అన్నీ వరసగా ఒకసారి కొట్టండి. ప్రతి కీ, ప్రతిసారీ, తప్పకుండా రెండు పడుతుంటే శుభ్రం చేయాల్సింది ఏమీ లేదు. టెర్మినల్ తాను పంపిన అక్షరాన్ని తానే తెర మీద వేసుకుంటోంది, సర్వర్ కూడా తిరిగి పంపుతోంది. సెటప్‌లో ‘లోకల్ ఎకో’ తీసేయండి. కొన్నిటిలో ‘హాఫ్ డ్యూప్లెక్స్’ అని ఉంటుంది, దాన్ని ‘ఫుల్’ చేయాలి. పాస్‌వర్డు కొట్టేటప్పుడు అక్షరాలు తెర మీద కనిపిస్తున్నాయా? అయితే ఇక సందేహమే అక్కర్లేదు, లోకల్ ఎకోనే.

అలా కాకుండా ఏ రెండు మూడు కీలో, అదీ ఒక్కోసారి మాత్రమే రెండు పడుతుంటే అప్పుడది కీబోర్డు లోపం. కీ కింద లోహపు స్పర్శలు తగిలినప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు అదురుతాయి. ఆ అదురును లెక్కలోకి తీసుకోకుండా కీబోర్డులోని చిప్ కొద్దిసేపు ఆగి చూస్తుంది. స్పర్శలు అరిగి, చిలుము పట్టాక అదురు ఆ గడువు దాటిపోతుంది, రెండో అక్షరం పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ కీలు తుడిపించండి. నీళ్లు, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రేలు దగ్గరికి రానివ్వద్దు.

ఇంకో రకం కూడా ఉంది. లోపల ప్రతి కీ కింద చిన్న స్పాంజి బిళ్ల, దానికి వెండి రంగు రేకు అతికించి ఉంటే, ఆ స్పాంజి వయసైపోయి పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు అక్షరం రెండు పడదు, అసలు పడదు. తుడిచి లాభం లేదు, బిళ్లలు మార్చాల్సిందే.

ప్రశ్న: మేడమ్ గారూ, మా ఊరి గ్రంథాలయంలో తెలుగు పుస్తకాల జాబితా పాత యునిక్స్ మిషన్‌లో, జిస్ట్ అనే భారతీయ భాషల టెర్మినల్ మీద ఎక్కించి ఉంది. గది మార్చినప్పుడు టెర్మినల్ కేబుల్ తీసి మళ్లీ పెట్టారు. అప్పట్నుంచి తెలుగు కొడితే అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. ‘క’ కొడితే 3 వస్తోంది. ముందు ఎక్కించినవి మాత్రం చక్కగా తెలుగులోనే కనిపిస్తున్నాయి. కీబోర్డు పోయిందని, తెలుగు కీబోర్డులు ఇప్పుడు దొరకవని అంటున్నారు. ఈ మధ్య చేసిన ఎంట్రీల గతేమిటి?
- గ్రంథాలయ సిబ్బంది ఒకరు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. జిస్ట్ టెర్మినల్‌ని ఇంకా వాడుతూ, అందులోని జాబితాను కాపాడుకోవాలని చూస్తున్నవాళ్లు ఉన్నారంటే గొప్ప విషయం. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, 1988 నుంచి కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ అయిన పుణే సీ-డాక్‌లో ఎదిగిన ఆ పరిజ్ఞానం, యూనికోడ్ మన దాకా రాకముందే తెలుగును యునిక్స్ తెర మీదికి తెచ్చింది.

మీ కీబోర్డు పోలేదు. ‘క’కి 3 రావడమే అందుకు సాక్ష్యం. భారతీయ భాషల కీబోర్డుకి వాడే ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ‘క’ ఉండేది ఇంగ్లీషు ‘కె’ కీ మీద. టెర్మినల్ తెలుగులోకి మారకపోతే మీకు ‘కె’ పడాలి. 3 పడిందంటే టెర్మినల్ తెలుగులోనే ఉంది, ‘క’కి సరైన కోడు పంపింది, ఆ కోడుకి దారిలో ఏదో అయింది.

ఏమైందో లెక్క వేసి చూడండి. 1991 నాటి భారతీయ ప్రమాణం ఇస్కీలో ‘క’ కోడు 179. ఇంగ్లీషు, అంకెలు 128 కంటే కింద ఉంటాయి, మన అక్షరాలన్నీ ఆ పైన. పైన ఉండటానికి ఎనిమిదో బిట్ కావాలి. ఆ బిట్ ఎగిరిపోతే 179లోంచి 128 తగ్గి 51 మిగులుతుంది. 51 అంటే 3 అంకె కోడు. మీరు ‘కథలు’ అని కొట్టి చూడండి, 3, పెద్ద సి, పెద్ద క్యూ, చివర మూసే చదరపు బ్రాకెట్టు వస్తాయి. ‘అ’ కొడితే డాలర్ గుర్తు వస్తుంది. అలాగే వస్తే ఇక అనుమానం లేదు, సర్వర్‌కి వెళ్లే దారిలో ఎనిమిదో బిట్ పోతోంది.

పాత ఎంట్రీలు బాగా కనపడుతున్నాయని మీరు రాయడం చాలా మేలు చేసింది. అంటే సర్వర్ నుంచి టెర్మినల్‌కి వచ్చే వైపు ఎనిమిది బిట్లూ వస్తున్నాయి. చెడింది వెళ్లే వైపు ఒక్కటే. యునిక్స్‌లో ‘ఐస్ట్రిప్’ అనే ఒక అమరిక ఉంది, లోపలికి వచ్చే ప్రతి అక్షరం నుంచి ఎనిమిదో బిట్ కోసేస్తుంది. ఇంగ్లీషు మాత్రమే వాడేచోట దానివల్ల నష్టం కనపడదు. గది మార్చినప్పుడు మీ కేబుల్‌ని సీరియల్ కార్డులో ఇంకో పోర్టుకి పెట్టి ఉంటారు, ఆ పోర్టుకి ఐస్ట్రిప్ ఆన్ అయి ఉంటుంది. కుదిరితే పాత పోర్టులోకే మార్చి చూడండి. లేదా ఎస్‌టీటీవైతో ఐస్ట్రిప్ తీయించి, క్యారెక్టర్ సైజు 8 బిట్లు, ప్యారిటీ (తప్పులు పట్టడానికి చేర్చే అదనపు బిట్) లేకుండా పెట్టించండి. పోర్టు అమరికలు రాసి ఉండే ఫైల్లో కూడా మార్పించకపోతే మిషన్ ఆపి వేసినప్పుడల్లా ఇది తిరిగి వస్తుంది.

ఇక పాడైన ఎంట్రీలు. వాటిని మళ్లీ మొదట్నుంచి కొట్టకండి, చాలా వరకు వెనక్కి తెచ్చుకోవచ్చు. పోయిన బిట్ ఏదో మనకు తెలుసు, ప్రతి అక్షరం కోడుకీ 128 కలిపితే తెలుగు తిరిగి వస్తుంది. పదాల మధ్య ఖాళీలను మాత్రం ముట్టుకోకూడదు. పుస్తకం పేరు, రచయిత పేరు వంటి పూర్తి తెలుగు గడులకు ప్రోగ్రామర్ ఎవరైనా ఒక పూటలో ఇది రాసిస్తారు. నంబర్లు, ధర, సంవత్సరం ఉన్న గడుల జోలికి ఆ ప్రోగ్రాం వెళ్లకూడదు, అవి మొదట్నుంచీ ఇంగ్లీషు అంకెలే.

రెండూ కలిసిన గడుల్లోనే కష్టం. ‘3వ భాగం’ అని ఉన్న పుస్తకానికి ఆ 3 నిజంగా మూడో, బిట్ పోయిన ‘క’నో కంప్యూటర్ చెప్పలేదు. అలాగే 4 ‘ఖ’ కావచ్చు, 5 ‘గ’ కావచ్చు. మనిషికి పేరు చదవగానే తెలిసిపోతుంది. కాబట్టి ముందు డేటాకి కాపీ తీయించి పక్కన పెట్టండి. మార్పు ఆ కాపీ మీద చేయించి, తేదీని బట్టి ఈ మధ్య ఎక్కిన పుస్తకాలన్నీ తెలుగులో ప్రింటు తీయించండి. యాక్సెషన్ రిజిస్టరు పక్కన పెట్టుకుని, సంపుటాలు, భాగాలు, ముద్రణ సంఖ్యలు ఉన్న పేర్లను ముందు సరిచూడండి. తప్పులు దొరికేది ఎక్కువగా అక్కడే.